ఒకే బొమ్మ, పదకొండు ప్లేట్లు

అందరికీ నమస్కారం.

బ్రిటన్ మొదటి తపాలా స్టాంపు పెన్నీ బ్లాక్. అలాంటివి రెండు పక్కపక్కన పెడితే, కొత్తగా చూసేవాళ్ళకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. అదే విక్టోరియా రాణి తల, అవే గీతలు, అదే నలుపు. కాసేపు లెన్సుతో చూస్తే చిన్న తేడా దొరుకుతుంది. వెంటనే మనలో చాలామంది "ఇది అరుదైనదేనా, ఎంత పలుకుతుంది" అని అడుగుతారు. నేనైతే ముందు "ఈ తేడా ఎలా వచ్చింది" అని అడగమంటాను. అచ్చు పని ఎలా జరిగిందో తెలిస్తే గుర్తుపట్టడం సగం అయిపోయినట్టే.

పెన్నీ బ్లాక్ 1840 మే 6 నుంచి చెల్లుబాటులోకి వచ్చింది. షీటుకు 240 స్టాంపులు: వరుసకు 12 చొప్పున 20 వరుసలు. అప్పట్లో 12 పెన్నీలు ఒక షిల్లింగు, 240 పెన్నీలు ఒక పౌండు కాబట్టి తపాలా గుమాస్తాకు లెక్క తేలిక. ప్రతి స్టాంపు కింది మూలల్లో రెండు అక్షరాలుంటాయి. ఎడమది ఏ వరుసో చెబుతుంది, కుడిది ఆ వరుసలో ఎన్నోదో చెబుతుంది. మొదటిది ఏ-ఏ, చివరిది టి-ఎల్. దొంగ స్టాంపులు చేసేవాళ్ళకు పని కష్టం చెయ్యడానికి ఈ ఏర్పాటు.

అసలు విషయం ఇక్కడే ఉంది. రాణి బొమ్మను ఉక్కు రోలరుతో, అచ్చు వేసే లోహపు ప్లేటు మీద 240 సార్లు దించారు, కాబట్టి బొమ్మ అంతటా ఒకటే. అక్షరాలను మాత్రం ఒక పనివాడు కూర్చుని, పంచ్ పెట్టి, సుత్తితో ఒక్కొక్కటే కొట్టాడు. మనిషి చెయ్యి కదా! ఒక ప్లేటులో సి అక్షరం కాస్త పైకి జరిగింది, ఇంకోదాంట్లో గడి అంచుకు తగిలింది, మరోదాంట్లో ఒక పక్కకు ఒరిగింది. సి-ఇ అనే స్టాంపు పెన్నీ బ్లాక్ అచ్చుకు వాడిన పదకొండు ప్లేట్లలోనూ ఉంది, అయినా అక్షరం నిలబడ్డ తీరును బట్టి అది ఏ ప్లేటుదో చెప్పగలం. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. పెన్నీ బ్లాక్ తర్వాత 1841లో ఎర్ర రంగులో వచ్చిన పెన్నీ రెడ్ ప్లేట్లలో ఒకదాంట్లో అయితే బి కొట్టి, పక్కనున్న ఏ కొట్టడమే మర్చిపోయారు. ఆ గడి ఖాళీగానే అచ్చయింది. తర్వాత దిద్దారు.

ప్లేటు అరిగితే రోలరును మళ్ళీ అదే చోట దించేవారు. అది వెంట్రుకవాసి పక్కకు పడినా గీతలు జంటగా కనిపిస్తాయి. మొదటి ప్లేటును గట్టిపరచకుండానే వాడటంతో త్వరగా అరిగింది, బాగుచేయాల్సి వచ్చింది. అందుకే సేకర్తలు దాన్ని 1ఏ, 1బి అని రెండుగా చూస్తారు.

ఇప్పుడు నేను మోసపోయిన కథ చెప్తాను. మొదట్లో, విడదీయడానికి అంచుల్లో వేసే చిల్లులు లేని పాత పెన్నీ రెడ్ అని ఒకటి కొన్నాను. నాలుగు అంచులూ నున్నగా, శుభ్రంగా ఉన్నాయి. ఇంటికొచ్చి నల్లటి ట్రేలో బోర్లా పెట్టి వాటర్‌మార్క్ ఫ్లూయిడ్, అంటే కాగితంలో దాగిన గుర్తును (వాటర్‌మార్క్‌ను) చూపించే ద్రవం, రెండు చుక్కలు వేశాను. కాగితంలో మెల్లగా కిరీటం తేలింది. పెద్ద కిరీటం! నా గుండె జారిపోయింది. పెద్ద కిరీటం కాగితం వచ్చింది 1855లో. పెన్నీ రెడ్‌కు చిల్లులు పడటం అధికారికంగా 1854లోనే మొదలైంది. అంటే ఎవరో చిల్లులను కత్తిరించి, పాతదిగా నమ్మించారన్నమాట. మరీ సన్నగా ఉన్న అంచులు అప్పుడే నాకు ఆ సంగతి చెప్పాయి, నేనే పట్టించుకోలేదు. అప్పటినుంచి వాటర్‌మార్క్ చూడకుండా ఏ నిర్ణయానికీ రావడం లేదు.

చిల్లుల కొలత అంటే రెండు సెంటీమీటర్లలో ఎన్ని చిల్లులున్నాయో ఆ లెక్క. పెన్నీ రెడ్‌కు మొదట 16 వేశారు. షీట్లు ఊరికే విడిపోతుండటంతో 1855లో 14కు తగ్గించారు. చిల్లులు కొలిచే స్కేలు, అంటే గేజ్, మీద పెట్టి కొలవాలి, కంటి అంచనా చాలదు.

రంగును మాత్రం చివరికి వదిలేయండి. ఎండకు వెలుస్తుంది, గాలికి నల్లబడుతుంది, రసాయనానికి మారిపోతుంది. తొలి పెన్నీ రెడ్‌ల కాగితంలో కనిపించే నీలి ఛాయ కూడా సిరాలోని రసాయనం వల్ల వచ్చిందే, కాగితం పుట్టు రంగు కాదు.

1864 నుంచి పెన్నీ రెడ్ పక్క నగిషీల్లో ప్లేటు నంబరు ఉంటుంది. వాటిలో 77 అంటే సేకర్తలు ప్రాణం పెడతారు. ఆ ప్లేటు కుదరలేదని పక్కన పెట్టేశారు, బయటికొచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. అందుకే 177లో ముందున్న 1ని గీకేసి 77 అని అమ్మేవాళ్ళు తయారయ్యారు. గీకిన చోట కాగితం పలచబడుతుంది, చుట్టూ ఉన్న సన్నని గీతలు తెగిపోతాయి. లెన్సును మొదట అంకెల మీద కాదు, వాటికి ముందున్న ఖాళీ మీద పెట్టండి.

బల్ల మీద నా పెన్నీ రెడ్‌లు కొన్ని, ట్రే, గేజ్ ఉంచాను. నేను మోసపోయిన స్టాంపు కూడా అందులోనే ఉంది, ఏదో మీరే కనిపెట్టండి. వేళ్ళతో ముట్టకుండా పట్టకారుతో తీసి చూడండి.