రాజ్ మందిర్‌లో ఫస్ట్ షో: తెర తీయకముందే సగం డబ్బులు వసూల్

నమస్తే అండీ. ఈ వారం రివ్యూ సినిమాది కాదు, సినిమా హాలుది. జైపూర్‌లోని రాజ్ మందిర్.

అమ్మానాన్నల్ని తీసుకుని రాజస్థాన్ వెళ్ళాం. పొద్దున ఆమేర్ కోట ఎక్కాం, మధ్యాహ్నం హవా మహల్ చూశాం, సాయంత్రానికి అందరి కాళ్ళూ పీకేస్తున్నాయి. అప్పుడు మెల్లిగా "ఫస్ట్ షోకి వెళ్దామా" అన్నాను. మా నాన్న నన్ను ఎగాదిగా చూసి, "ఇంత దూరం వచ్చి సినిమా ఏంట్రా? అదీ హిందీది!" అన్నారు. ఆయనకి హిందీలో "కిత్నా", "నహీ" తప్ప ఇంకో ముక్క రాదు. ఈ రెండు మాటలతోనే రెండు రోజులు బజారంతా బేరాలాడారనుకోండి, అది వేరే కథ.

హాలు ఎం.ఐ. రోడ్డు దగ్గర, భగవాన్ దాస్ రోడ్డు మీద ఉంటుంది. ఎం.ఐ. అంటే మీర్జా ఇస్మాయిల్. జైపూర్ సంస్థానానికి ప్రధానిగా చేసి, ఆ తరవాత 1946లో మన హైదరాబాద్ వచ్చి నిజాం దగ్గర కూడా ప్రధానిగా చేశారు. ఆటోలో కూర్చుని ఈ సంగతి చెబితే ఇంట్లోవాళ్ళెవరూ పట్టించుకోలేదు. కనీసం మీరైనా వినండి.

ఇదిగో, ఈ షాట్ చూడండి. బయట నుంచి ఇలా ఉంటుంది. ఎక్కడా సూటి గీత కనిపించదు. అన్నీ వంపులే, వాటి మీద నక్షత్రాలు, వెనక ఎక్కడో దాచిపెట్టిన లైట్లు. పగలు చూస్తే "ఓహో, ఇంతేనా" అనిపించొచ్చు. చీకటి పడ్డాక చూడాలి. చాలామంది దీన్ని కేకు మీద క్రీముతో పోలుస్తారు. నాకు మాత్రం పూతరేకు గుర్తొచ్చింది, పొర మీద పొర. మా అమ్మ అయితే ఆటో దిగుతూనే "పెళ్ళి మండపంలా ఉందేంట్రా" అంది. తప్పేం లేదు, అలాగే ఉంటుంది. ఈ హంగు కొందరికి మరీ ఎక్కువనిపిస్తుంది. నాకూ మొదటి రెండు నిమిషాలు అలాగే అనిపించింది.

కట్టించినాయన పేరు మెహతాబ్ చంద్ర గోలేచా. సినిమాకి వచ్చినవాడు రాజుగారింటికి విందుకొచ్చిన అతిథిలా ఫీల్ అవ్వాలన్నది ఆయన కల. డిజైన్ చేసింది డబ్ల్యూ.ఎం. నామ్‌జోషీ అనే ఆర్కిటెక్ట్. 1966లో అప్పటి ముఖ్యమంత్రి మోహన్‌లాల్ సుఖాడియా శంకుస్థాపన చేస్తే, హాలు తెరుచుకున్నది 1976 జూన్ 1న. అంటే పదేళ్ళు! ఈ పదేళ్ళలో ముఖ్యమంత్రే మారిపోయారు, ప్రారంభించింది హరిదేవ్ జోషీ. మొదట ఆడిన సినిమా ధర్మేంద్ర, హేమమాలినిల 'చరస్'.

సరే, టికెట్ల దగ్గరికి వద్దాం. మన దగ్గర క్లాసులు ఎలా ఉండేవి? నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ. దేని మీద కూర్చుంటే దాని పేరే. దాపరికం లేదు. ఇక్కడ తరగతుల పేర్లు పెర్ల్, రూబీ, ఎమరాల్డ్, డైమండ్. ముత్యం, కెంపు, పచ్చ, వజ్రం. జైపూర్ అంటేనే రత్నాల బజారు కదా, ఆ ఊరికి తగ్గ పేర్లు. తక్కువ రేటు టికెట్ కొన్నవాడు కూడా ముత్యమే అన్నమాట! మా నాన్న చిన్నప్పుడు నేల టికెట్ కొనుక్కుని, ఇసక కుప్పగా పోసుకుని దాని మీద కూర్చుని సినిమా చూసిన మనిషి. అందుకే ఆయన్ని వజ్రంలో కూర్చోబెట్టాలని నాకు సరదా. ఆ రోజు దొరకలేదు. ఎమరాల్డ్‌తో సరిపెట్టుకున్నాం.

ఇప్పుడు లాబీ. ఈ వీడియోలో ఎక్కువసేపు ఇక్కడే ఉంటాం, ఏమనుకోకండి.

లోపల అడుగుపెట్టగానే మాటలు ఆగిపోతాయి. షాండ్లియర్లు, వంపు తిరిగిన మెట్లు, పైకప్పు నిండా దాచిన వెలుగు. గాల్లో ఒక అత్తరు వాసన. ఇది నేను కల్పించింది కాదు, సెంటు వాసనకి ఈ హాలు ముందునుంచీ పేరుమోసిందే. నేను చూసిందేంటంటే, ఇక్కడ జనం తొందరపడట్లేదు. మామూలుగా మనం లాబీని ఎలా దాటతాం? ఫోన్‌లో టికెట్ వెతుక్కుంటూ, పిల్లల్ని లాక్కుంటూ, స్క్రీన్ నంబరు ఎంతో అడుగుతూ పరిగెడతాం. ఇక్కడ అందరూ తలెత్తి నడుస్తున్నారు. ఒక ముసలాయన, తలపాగా చుట్టుకున్నాయన, మెట్ల మధ్యలో ఆగిపోయి పైకి చూస్తూ నిలబడ్డారు. వెనకాలవాళ్ళు ఆయన చుట్టూ తిరిగి వెళ్తున్నారే తప్ప "జరగండి" అన్నవాళ్ళు లేరు.

మొన్నామధ్య మా ఊరి దగ్గర ఒక మల్టీప్లెక్స్‌లో ఏమైందో తెలుసా? పాప్‌కార్న్ లైన్లో నిలబడితే టైటిల్స్ అయిపోయాయి. నలుగురికి తిండి బిల్లు టికెట్ల బిల్లుని దాటింది. పేరు చెప్పను. ఏ ఊళ్ళో చూసినా ఇదే కదా.

హాల్లోకి వెళ్దాం. దాదాపు 1,300 సీట్లు. ఒకటే తెర. గోడలు మడతలు మడతలుగా ఉంటాయి, పంచెకి కుచ్చిళ్ళు పెట్టినట్టు. ఆ మడతల వెనక నుంచి వెలుతురు. పెద్ద హాలు కాబట్టి మన ముందు వందల తలలు కనిపిస్తాయి. చిన్న స్క్రీన్లకి అలవాటుపడ్డ కళ్ళకి అదే ఒక సీను.

లైట్లు మెల్లిగా తగ్గాయి. తెర ముందున్న పరదా కదిలింది. అంతే, హాలంతా ఒకటే ఈల!

అప్పుడు మా నాన్న నా చెయ్యి పట్టుకుని, "ఒరేయ్, పాట వేస్తారేమో" అన్నారు. ఏం పాటో మీలో కొంతమందికి అర్థమైపోయుంటుంది. మన హాళ్ళలో తెర లేచేటప్పుడు ఘంటసాల గారి వెంకటేశ్వరస్వామి పాట వేసేవారు. కుచ్చిళ్ళ తెర పైకి లేస్తుంటే, అంచున రంగు లైట్లు వెలుగుతూ ఉండేవి. బయట టీ తాగుతున్నవాళ్ళు ఆ పాట వినపడగానే గ్లాసు పడేసి పరిగెత్తుకొచ్చేవారు. బెల్లు, వాచీ, అన్నీ ఆ పాటే. జైపూర్‌లో ఆ పాట ఎందుకు వేస్తారు చెప్పండి? వెయ్యలేదు. కానీ ఆయన ఎదురుచూశారు.

సినిమా గురించి ఏం చెప్పను. ఓ మాదిరిగా ఉంది. నాన్నకి మాటలు అర్థం కాలేదు, కథ మాత్రం నాకంటే ముందే అర్థమైపోయింది. "వాడే విలన్" అని పదో నిమిషంలో తేల్చేశారు. అక్షరాలా వాడే!

ఒక విషయం నాకు నచ్చలేదు. హాలు గురించి కాదు, మాలాంటి టూరిస్టుల గురించి. ఇంటర్వెల్ అవగానే మా వరసలో సగం మంది లేచి వెళ్ళిపోయారు. ఫొటోలు అయిపోయాయిగా! కోటకి వెళ్తే అలా చెయ్యొచ్చు. ఇది ఇంకా నాలుగు ఆటలు ఆడుతున్న హాలండీ. పక్కన కూర్చున్న ఊరివాళ్ళు సినిమా చూడ్డానికి వచ్చారు. షో మధ్యలో ఫోన్ లైటు వేసి గోడల ఫొటోలు తీయకండి. నేను వీడియో తీసిందంతా బయటా, లాబీలోనే. హాల్లో ఏం తీయలేదు, అందుకే ఇక్కడ నా మొహమే చూపిస్తున్నాను.

"మనకి ఇలాంటివి లేవా" అని కామెంట్ పెట్టేముందు ఒక్కమాట. విజయవాడలో 1921లోనే పోతిన శ్రీనివాసరావు గారు మారుతి హాలు పెట్టారు. అప్పటికి మన సినిమాకి మాటలే రాలేదు, అవి రావడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. అది ఇప్పుడు నడవట్లేదు. మన ఊళ్ళలో ఎన్ని హాళ్ళు కల్యాణ మండపాలయ్యాయో, గోడౌన్లయ్యాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మన హాళ్ళకి అందం తెచ్చింది ఎక్కువగా జనం. కాగితాలు, ఈలలు, మొదటి రోజు పూలదండలు. రాజ్ మందిర్‌లో అందం గోడలకే ఉంది. జనం తగ్గిన రోజు ఏ హాలు నిలబడుతుందో ఊహించడం కష్టం కాదు.

వెళ్ళేవాళ్ళకి: షో టైముకి కాదు, అరగంట ముందు వెళ్ళండి, లేకపోతే లాబీ చూడకుండా పరిగెట్టాలి. కొత్త సినిమా, శని ఆదివారాలు అయితే ముందే బుక్ చేసుకోండి. సాయంత్రం ఆట బెస్ట్, చీకటి పడుతుండగా బయట లైట్లు కూడా చూడొచ్చు. భాష రాకపోతే టెన్షన్ పడకండి, మా నాన్నే సాక్ష్యం.

ఇక మా నాన్న సంగతి. బయటికొచ్చి ఆటో ఎక్కాక చాలాసేపు ఏం మాట్లాడలేదు. హోటల్ దగ్గర దిగుతూ అడిగారు, "రేపు మన రైలు ఎన్నింటికిరా?"

"సాయంత్రం ఏడున్నరకి నాన్నా."

"అయితే మ్యాట్నీకి టైముంది. వజ్రం దొరుకుతుందేమో చూడు."