ఉత్సాహం అనే మాట

శ్రోతలకు నమస్కారం. ఈనాటి ప్రసంగానికి నేను ఎంచుకున్న మాట ఉత్సాహం.

హుషారుగా, నవ్వుతూ తుళ్లుతూ ఉన్నవారిని చూసి మనం ఉత్సాహంగా ఉన్నారని అంటాం. ఆ వాడుకలో తప్పేమీ లేదు. అయితే సంతోషం కూర్చున్నచోటనే కలుగుతుంది. ఉత్సాహం మాత్రం మనిషిని కూర్చోనివ్వదు. చేయవలసిన పని ఒకటి ఎదుట ఉండి, దానిని చేసి తీరాలని మనసు ముందుకు ఉరుకుతూ ఉంటే, అది ఉత్సాహం. అందుకే నాట్యశాస్త్రం వీరరసానికి ఉత్సాహాన్ని స్థాయీభావంగా, అంటే ఆ రసానికి ఆధారమై నిలిచే భావంగా, చెప్పింది. క్రోధాన్ని చెప్పలేదు, క్రోధాన్ని రౌద్రానికి వదిలిపెట్టింది. రాజనీతి గ్రంథాలు సైతం ధనసైన్యాల బలమైన ప్రభుశక్తి, ఆలోచనాబలమైన మంత్రశక్తుల సరసన ఉత్సాహశక్తిని నిలబెట్టాయి.

శాస్త్రాల సంగతి అలా ఉంచి, నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ ఒకటి చెబుతాను. మన తెలుగు ఛందస్సులో ఉత్సాహ అనే పేరుతో ఒక పద్యమే ఉన్నది. పాదానికి 7 సూర్యగణాలు, చివర ఒక గురువు. సూర్యగణమంటే గురువు, లఘువు కలిసిన గలమో, మూడు లఘువుల నగణమో. పలికే కాలానికి కొలత మాత్ర; లఘువుకు ఒకటి, గురువుకు రెండు గనుక ఏదైనా 3 మాత్రలే. ఈ ప్రసంగం కోసం నేనే ఒక పాదం కట్టాను. కవిత్వం కోసం కాక నడక కోసం వినండి.

“వాన జల్లు పడిన వేళ వాగు పొంగి యురికెరా.”

వాన, జల్లు, పడిన, వేళ: మూడేసి మాత్రల అడుగులు. వాగు, పొంగి, యురికె: మళ్లీ మూడేసి మాత్రల అడుగులే. చివరి ‘రా’ దగ్గర గాని ఆ నడక ఆగదు. పైగా నాలుగు గణాలు నడిచి ఊపు సడలబోయేచోట, ‘వాన’లోని ‘వా’ ‘వాగు’లో యతిగా, అంటే పాదం మొదటి అక్షరానికి జోడీగా, తిరిగి వచ్చి పాదాన్ని మళ్లీ ముందుకు తోస్తుంది. అర్థం పట్టనివారు కూడా ఈ నడక వింటే చేతితో తాళం వేస్తారు. పేరుకు ఇంతగా తగిన పద్యం మరొకటి లేదని నా అభిప్రాయం.

ఇక వాడుక విషయంలో ఒక్క జాగ్రత్త. ఈ మాటకు ‘అతి’ చేరితే మెప్పు కాస్తా నింద అవుతుంది. అత్యుత్సాహమంటే చెప్పినదానికి మించి, తగనిచోట చొరవ చేయడమని నేటి వాడుక. సభలలో కొందరు వక్తలు మెచ్చుకోబోయి, “మా కార్యకర్తలు అత్యుత్సాహంతో పనిచేశారు” అంటారు. పాపం, ఆ కార్యకర్తలు వేదిక కిందనే కూర్చుని వింటూ ఉంటారు. అటువంటి చోట ‘రెట్టించిన ఉత్సాహంతో’ అనండి, లేదా ఏ విశేషణమూ లేకుండా ‘ఉత్సాహంతో’ అనండి. ఆ మాట ఒక్కటే చాలు.