స్వీడన్ మీద గెలిస్తే చాలు

శ్రోతలకు నమస్కారం. హాకీ అనగానే మనకు పచ్చటి మైదానం, ధ్యాన్‌చంద్ గుర్తుకొస్తారు. ఫిన్లాండ్, స్వీడన్‌లలో ఆ మాటకు అర్థం మంచు మీద ఆట. ఇరుగుపొరుగు దేశాలు, పిచ్చి కూడా సమానమే. అభిమానుల తీరే వేరు.

1809 దాకా, ఆరు వందల ఏళ్లకు పైగా, ఫిన్లాండ్ స్వీడన్ ఏలుబడిలో ఉంది. ఆ పాత లెక్కలన్నీ ఇప్పుడు హాకీ రింకులో తేలాలి. 2003 ప్రపంచ చాంపియన్‌షిప్ క్వార్టర్ ఫైనల్లో, సొంత గడ్డ హెల్సింకీలో, ఫిన్లాండ్ 5-1 ఆధిక్యంలో ఉండి కూడా 6-5తో ఓడిపోయింది. ఎవరి చేతిలోనో వేరే చెప్పాలా!

అంతకుముందు 1995లో స్టాక్‌హోమ్‌లో ఫైనల్. ఆతిథ్యం తమదే కదా అని స్వీడన్ వాళ్లు తమ జట్టుకోసం ముందే ఒక పాట కట్టించుకున్నారు. తీరా ఫిన్లాండ్ 4-1తో గెలిచింది. విల్లే పెల్టోనెన్ ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. ఆ దేశానికి అదే తొలి ప్రపంచ టైటిల్. జనం హెల్సింకీ మార్కెట్ కూడలికి పోటెత్తి, హావిస్ అమండా అనే కంచు విగ్రహం చుట్టూ ఉన్న ఫౌంటెన్‌లోకి దూకారు. ఇక గెలుపు పాటగా ఏది అందుకున్నారు? స్వీడన్ వాళ్లు కట్టించుకున్న ఆ పాటనే, అదీ స్వీడిష్‌లోనే! ఇంత కమ్మని ఎత్తిపొడుపు ఆటల చరిత్రలో అరుదు. అన్నట్టు, ఫిన్లాండ్ కోచ్ కర్ట్ లిండ్‌స్ట్రోమ్ కూడా స్వీడన్ మనిషే. 2011లో మళ్లీ స్వీడన్‌నే 6-1తో చిత్తు చేసినప్పుడూ జనం ఆ కూడలికే చేరారు.

స్వీడన్‌లోనూ జాతీయ జట్టు గెలిస్తే సంబరాలు చేసుకుంటారు. కానీ అక్కడి అభిమాని గొంతు చించుకునేది సొంత ఊరి క్లబ్బు కోసమే అనిపిస్తుంది నాకు. ఫుట్‌బాల్ పద్ధతిలో, నిలబడి చూసే స్టాండులో జెండాలు ఊపుతూ ఆట సాగినంతసేపూ పాడుతూనే ఉంటారు. పాట ఎత్తుకునేవాడు చాలాసార్లు ఆటకు వీపు పెట్టి నిలబడతాడు. పాపం, గోల్ పడిందో లేదో ఎదుటివాళ్ల ముఖాలు చూసి తెలుసుకోవాలి! లెక్సాండ్ అనే చిన్న పట్టణం జనాభా సుమారు 6,000. అక్కడి హాకీ స్టేడియంలో 7,000 మందికి పైగా పడతారు. జట్టు రెండో డివిజన్‌కు పడిపోయిన ఏళ్లలోనూ జనం రావడం మానలేదు.