సీసీఐఈకి ఫీజు కట్టే ముందు

శ్రోతలకు నమస్కారం. నెట్‌వర్కింగ్ ఉద్యోగంలో నాలుగైదేళ్లు గడిచాక చాలామందిని తొలిచే ప్రశ్న ఒకటుంది: సీసీఐఈ రాయాలా, వద్దా? ఇది నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో ఇచ్చే నిపుణుల స్థాయి సర్టిఫికేషన్. సిస్కో 1993లో మొదలుపెట్టిన ఈ సర్టిఫికేషన్‌లో శాఖలు చాలా ఉన్నాయి. వాటిలో ఎంటర్‌ప్రైజ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్, అంటే సంస్థల నెట్‌వర్క్‌లకు సంబంధించిన శాఖ సంగతే ఈ పూట చూద్దాం.

దీనికి ముందుగా సిస్కో తొలిమెట్టు సర్టిఫికెట్ సీసీఎన్ఏ ఉండాలన్న నిబంధన లేదు. మెట్లు రెండే. మొదటిది ఎన్‌కోర్, అంటే 350-401 నంబరు రాతపరీక్ష. రెండు గంటలు, ఫీజు 400 డాలర్లు, హైదరాబాద్‌లోనే రాయొచ్చు. రెండోది ల్యాబ్, అంటే ఎనిమిది గంటల ప్రాక్టికల్ పరీక్ష, 1600 డాలర్లు. మన లెక్కలో లక్షా ముప్పై వేల పైమాటే. పన్నులు, బెంగళూరు ప్రయాణం, బస వేరే. ఫెయిలైతే ఫీజు మళ్లీ మొత్తం కట్టాలి.

అందుకే ఎన్‌కోర్ రాశాకే ల్యాబ్ మాట తేల్చుకోండి. ల్యాబ్ వద్దనుకున్నా ఆ డబ్బు వృథా కాదు. ఎన్‌కోర్ పాసైతే స్పెషలిస్ట్ సర్టిఫికెట్ వస్తుంది, 300 డాలర్ల మరో పరీక్ష కలిస్తే మధ్యస్థాయి సర్టిఫికెట్ సీసీఎన్‌పీ అవుతుంది. ఎన్‌కోర్ పాసయ్యాక ల్యాబ్‌కు మూడేళ్ల గడువు ఉంటుంది.

ఇక ల్యాబ్. మొదటి మూడు గంటలు డిజైన్. ఇచ్చిన పత్రాలు చదివి నిర్ణయాలు చెప్పాలి, వెనక్కి వెళ్లి జవాబు మార్చుకునే వీల్లేదు. తర్వాత ఐదు గంటలు కాన్ఫిగర్ చేయడం, తప్పులు పట్టుకోవడం. ఒక భాగంలో ఎంత బాగా చేసినా, రెండో దాంట్లో కనీస మార్కులు రాకపోతే ఫెయిలే. కమాండ్లు బట్టీ పట్టినవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

మీ స్థాయి తెలుసుకోవడానికి చిన్న పరీక్ష. రెండు రూటర్ల మధ్య ఓఎస్‌పీఎఫ్ (రూటర్లు దారులు పంచుకునే పద్ధతి) పెట్టి, ఒకవైపు ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1500 బైట్లు, రెండోవైపు 1400 ఉంచమని స్నేహితుడికి చెప్పండి, మీరు చూడకుండా. పొరుగు రూటర్ కనిపిస్తుంది, కానీ సమాచారం పంచుకోవడం మొదలయ్యే ఎక్స్‌స్టార్ట్ దశ దగ్గరే ఆగిపోతుంది. రూటర్లు మొదట పలకరించుకునే హలో ప్యాకెట్లలో ఎంటీయూ ఉండదు, ఆ తర్వాత వచ్చే డేటాబేస్ ప్యాకెట్లలో ఉంటుంది, అందుకే. ఇలాంటివి ఐదారు నిమిషాల్లో పట్టుకోలేకపోతే ల్యాబ్‌కు ఇంకా సమయం ఉందన్నమాట.

సిలబస్‌లో ఎస్‌డీ-వాన్ (ఆఫీసుల మధ్య నెట్‌వర్క్‌ను సాఫ్ట్‌వేర్‌తో నడపడం), ఎస్‌డీ-యాక్సెస్ (ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌ను అలాగే నడపడం) ఉన్న విభాగానికి 25 శాతం, ఆటోమేషన్‌కు 15 శాతం. రోజూ పాత రూటింగే చూసేవారికి ఈ నలభై శాతమే కొండ. 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఈవీఈ-ఎన్‌జీ అనే నమూనా నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే రూటింగ్ సాధన సాగుతుంది కానీ, ఎస్‌డీ-వాన్ కంట్రోలర్లు ఎక్కించగానే అది చేతులెత్తేస్తుంది. అద్దె ర్యాక్‌లకు, అంటే సాధనకు అద్దెకిచ్చే నెట్‌వర్క్ పరికరాలకు, డబ్బు తీసిపెట్టుకోండి. పనిరోజుల్లో రెండేసి గంటలు, వారాంతంలో ఆరు గంటలు చదివితే ఏడాదికి ఎనిమిది వందల గంటలు దాటుతాయి. ఆ మాత్రం వీలుకాని ఏడాదిలో మొదలుపెట్టకపోవడమే మేలు.

మీరు కోరుకునే ఉద్యోగాల ప్రకటనలు ఇరవై తీసి చూడండి. వాటిలో సీసీఐఈ మాటే లేకుండా క్లౌడ్, పైథాన్ అడుగుతుంటే దారి వేరే ఉంది. పెద్ద నెట్‌వర్క్‌ల డిజైన్ పనిలో మాత్రం ఈ చదువు రోజూ అక్కరకొస్తుంది.

పాసయ్యాక కూడా మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. మళ్లీ ల్యాబ్ అక్కర్లేదు, శిక్షణలతో 120 క్రెడిట్లు కూడబెట్టుకున్నా చాలు. ఆ శిక్షణల ఖర్చు కంపెనీ భరిస్తుందా అని ఇప్పుడే మేనేజర్‌ను అడగండి. సెలవు.