ఆఖరి గడి
(అమలాపురంలో కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ ప్రారంభించిన రోజు చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందరి పేర్లూ చెబితే నాకిచ్చిన 20 నిమిషాలూ వాటికే సరిపోతాయి. అందరికీ కలిపి ఒకే నమస్కారం.

ల్యాబ్ గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. కానీ ఇందాక ఆ కంప్యూటర్లు చూడగానే నాకు 2022 జూలై గుర్తొచ్చింది. అది చెప్పకుండా దిగలేను.

ఆ నెల గోదావరి ఎలా వచ్చిందో మీకు చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకలు మునిగాయి. నేనప్పుడు ఒక ఆఫీసులో గుమస్తాని. సాయం అందాల్సిన వాళ్ల జాబితా టెక్స్ట్ ఫైలుగా వచ్చింది. 2,000 పైచిలుకు లైన్లు. ఒక్కో లైనులో వరుస నంబరు, పేరు, ఊరు, చివర బ్యాంకు ఖాతా నంబరు. మాకు కావలసింది ఆ ఖాతా నంబరొక్కటే.

ఎక్సెల్‌లో తెరిచాం. ఖాతా నంబర్ల ముందున్న సున్నాలు ఎగిరిపోయాయి. అది వాటిని లెక్కల అంకెలనుకుంటుంది మరి. 15 అంకెలు దాటితే ఆ మిగతావి సున్నాలు చేసేస్తుంది కూడా. భయపడి చేత్తో ఎక్కించడానికి కూర్చున్నాం. ఒకరు చదవడం, ఒకరు కొట్టడం. రెండు రాత్రులు.

మూడు వారాల తర్వాత ఒక పెద్దావిడ వచ్చింది. రేవు దాటి, బస్సెక్కి వచ్చింది. పాస్‌బుక్కు ప్లాస్టిక్ కవర్లో చుట్టి కొంగున కట్టుకుంది. ‘అందరికీ పడ్డాయండి బాబూ, నాకే పడలేదండి’ అంది. ఆవిడ మూడోసారి వచ్చినప్పుడుగానీ నేను ఆ పాస్‌బుక్కు పక్కన మా కాగితం పెట్టి, వేలు ఆనించి ఒక్కో అంకే చూడలేదు. 73 ఉండాల్సిన చోట 37 ఉంది. ఆ లైను చదివింది నేనే. ఇప్పటికీ ఆ కవరు నా కళ్లముందు ఉంటుంది.

తర్వాత కొత్తగా చేరిన కుర్రాడు అదే ఫైలు తీసి కంప్యూటర్‌కి ఒక్క లైను ఆదేశం కొట్టాడు. ఖాతా నంబర్లన్నీ సున్నాలతో సహా వరసగా వచ్చేశాయి. రెండు రాత్రుల పని అండీ. ఒక్క లైను!

అతను వాడినదాని పేరు ఆక్. టెక్స్ట్ ఫైళ్ల మీద పనిచేసే చిన్న ప్రోగ్రామింగ్ భాష. 1977లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో అహో, వైన్‌బర్గర్, కెర్నిఘన్ అనే ముగ్గురు చేశారు. వాళ్ల ఇంటిపేర్ల మొదటి ఇంగ్లీషు అక్షరాలు ఎ, డబ్ల్యు, కె కలిపితే దాని పేరు. ఫైలుని లైను తర్వాత లైనుగా చదువుతుంది, ఖాళీ వచ్చిన చోటల్లా విడగొట్టి గడులు చేస్తుంది. డాలర్ గుర్తు పెట్టి 3 అంటే మూడో గడి ఇస్తుంది.

అయితే మన పేర్లు చూడండి. ఒకాయన ఉత్త సత్యనారాయణ, ఇంకొకాయన వెంకట సత్యనారాయణ మూర్తి. పి.గన్నవరాన్ని కొందరు మధ్యలో ఖాళీ వదిలి రాస్తారు. ముందు నుంచి లెక్కపెడితే ఖాతా నంబరు ఒక లైనులో నాలుగో గడి, ఇంకో లైనులో ఏడో గడి. ఆ కుర్రాడు వెనకనుంచి పట్టుకున్నాడు. డాలర్ పక్కన ఎన్ఎఫ్ అని రాస్తే, పేరెంత పొడుగున్నా ఆఖరి గడే వస్తుంది.

లైనులోంచి కావలసిన ముక్క కోసి ఇచ్చే ఆదేశం కట్ అని ఇంకోటి ఉంది, తేలికైనది. తెలుగు ఫైలైతే మాత్రం జాగ్రత్త. అక్షరాలు లెక్కపెట్టమంటే లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న చాలా మెషిన్లలో అది బైట్లు, అంటే కంప్యూటర్ దాచుకునే చిన్న చిన్న ముక్కలు, లెక్కపెడుతుంది. కంప్యూటర్ అక్షరాలు దాచుకునే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో మన అక్షరానికి 3 బైట్లు, గుణింతం గుర్తుకి ఇంకో 3. ‘రాము’ అంటే 12 బైట్లు. మొదటి 4 ఇమ్మంటే ‘ర’ వచ్చి పక్కన చెత్త గుర్తు పడుతుంది.

వెనక బెంచీల వాళ్లు ఫోన్లు కాసేపు పక్కన పెట్టండమ్మా, ఇది మీకే. లెక్చరర్లకు ఒక మనవి. ఇది కంప్యూటర్ సైన్సు వాళ్ల పాఠమని వదిలేయకండి. ఆఫీసుల్లో జాబితాలు చేసేది బీకాం, బీఏ పిల్లలు. ఆక్‌ని డబ్బు పెట్టి కొనక్కర్లేదు, లైనక్స్ ఉంటే ఇదీ ఉన్నట్టే. నా సర్వీసంతా గడిచింది, ఒక్కరూ చెప్పలేదు నాకు. ఒక్కరంటే ఒక్కరు!

రిబ్బన్ తర్వాత కత్తిరిద్దాం. నేనొక ఫైలు తెచ్చాను, 200 లైన్లు, పేర్లన్నీ కల్పించినవే. ఇందాకే అన్ని మెషిన్లలో వేయించాను. ముందు దానికొక కాపీ తీసుకోండి. ఆఖరి గడి బయటికి తీయండి. తీశాక ఏవైనా పది లైన్లు అసలు ఫైలుతో పక్కపక్కన పెట్టి, వేలు ఆనించి సరిచూడండి. నేను ఇక్కడే ఉంటాను, పిలవండి.