వినేవాడి అంచనా

అందరికీ నమస్కారం. కథ చెప్పడంలో కిటుకులేమిటో మాట్లాడమని పిలిచారు. విశాఖ ద్వారకానగర్‌లో ఈ లైబ్రరీ మెట్లెక్కుతున్నప్పటికి కూడా ఎక్కడ ఎత్తుకోవాలో నాకు తేలలేదు. చివరికి మొన్నీమధ్య నాకు జరిగిన పరాభవంతోనే మొదలుపెడతాను.

ఇక్కడి మత్స్యకారుల పేట పెదజాలారిపేటలో ఓ స్నేహితుడి ఇంటికి వెళ్ళాను. ఆయన మనవడికి ఆరేళ్ళు. వాడికి ఏడు చేపల కథ చెప్పడం మొదలుపెట్టాను. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చారు, ఎండబెట్టారు, అందులో ఒక చేప ఎండలేదు. ఇక్కడ ఆగాలి కదా, ఆగాను. ఎందుకెండలేదో చెప్పుకో చూద్దాం అన్నాను.

"ఉప్పు పట్టించలేదేటి తాతా?" అన్నాడు.

యాభై ఏళ్ళుగా ఈ కథ చెబుతున్నాను, ఈ మాట ఎవరూ అనలేదు. వాడు పుట్టిన దగ్గర్నుంచి ఎండుచేపల మధ్యనే పెరిగాడు. వాడికది కథ కాదు, ఇంట్లో పని.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదే. మనం కథ చెబుతుంటే వినేవాడు ఖాళీగా కూర్చోడు. లోపల వాడు కూడా ఒక కథ అల్లుకుంటూ ఉంటాడు. ఆ రెండో కథ ఎక్కడిదాకా వచ్చిందో కనిపెడుతూ మన కథ నడపాలి. మిగతా కిటుకులన్నీ ఇందులోంచి పుట్టినవే అని నా లెక్క.

ఏడు చేపల కథనే మళ్ళీ చూడండి. గడ్డిమేటు అడ్డమొచ్చింది. ఆవు మేయలేదు. పాలేరు మేపలేదు. అవ్వ అన్నం పెట్టలేదు. పిల్లాడు ఏడ్చాడు. చీమ కుట్టింది. మామూలు కథలో 'తరవాతేమైంది' అని ముందుకి పోతాం. ఇక్కడ 'ఎందుకలా అయింది' అని వెనక్కి పోతున్నాం, డిటెక్టివ్ నవలలో లాగ. దొరికిన ప్రతి జవాబూ ఇంకో ప్రశ్నకి తలుపు తీస్తుంది. ఇంకో తమాషా కూడా ఉంది. మొదట్లో రాజుగారు, రాజకుమారులు, వేట అన్నారు కాబట్టి కారణం కూడా అంత పెద్దదే అయ్యుంటుందని పిల్లలు అనుకుంటారు. కథ మాత్రం మెట్టు మెట్టు దిగుతూ చీమ దగ్గర ఆగుతుంది. ఆ చీమ కూడా తగ్గదు. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అంటుంది. ఈ కథ ఎవరు కట్టారో తెలీదు గానీ, కట్టినవాడికి పని తెలుసు.

ఇక రాసిన కథ. మన పక్కనే విజయనగరంలో ఉండి గురజాడ 1910లో 'దిద్దుబాటు' రాశారు. రాత్రివేళ గోపాలరావు అనే ఒక మొగుడు వీధి తలుపు కొట్టి పిలవడంతో అది మొదలవుతుంది. ఊరి వర్ణన లేదు, వంశ చరిత్ర లేదు. లోపలికి వెళ్తే భార్య కనపడదు, ఉత్తరం కనపడుతుంది. పుట్టింటికి వెళ్ళిపోయిందనుకుని అతను కంగారు పడతాడు, అతనితో పాటు మనమూ. చివరికి ఆవిడ మంచం కిందే ఉంది. ఇందులో రచయిత మనకి అబద్ధం ఆడలేదు. మనల్ని గోపాలరావు కళ్ళ వెనకాల కూర్చోబెట్టారు, అంతే. అతను మంచం కిందికి వంగి చూడలేదు కాబట్టి మనమూ చూడలేదు. దృష్టికోణం అని క్లాసుల్లో చెప్పే మాటకి ఇంతకన్నా తేలికైన ఉదాహరణ నాకు తెలీదు.

ఇదే కథని యథాతథంగా సినిమా తీస్తే చిక్కొస్తుంది. కెమెరా గదిలోకి వెళ్ళిందంటే మంచం కింద ఏముందో కూడా దొరికిపోవచ్చు. దర్శకుడు ఫ్రేము ఎంత పైకి పెట్టాలా అని తల పట్టుకోవాలి. రేడియో నాటకానికి ఆ బాధ లేదు, అక్కడ మంచమే కనపడదు. దాని బాధలు దానివి. గదిలో నలుగురున్నారని వినేవాడికి తెలియాలంటే నలుగురూ మాట్లాడాలి, ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోవాలి. మాట్లాడనివాడు రేడియోలో లేనట్టే. నిజం ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాం మాటమాటకీ ఎక్కడ పేర్లు పెట్టి పిలుచుకుంటారు చెప్పండి? అయినా నాటకంలో అది మనకి ఎబ్బెట్టుగా వినపడదు.

వినేవాడి అంచనాని ఏకంగా వేదిక మీదికి ఎక్కించింది మాత్రం బుర్రకథ. కథకుడికి రెండు పక్కలా వంతలుంటారు కదా. వాళ్ళ పని డక్కీ వాయిస్తూ తందానా అనడం ఒక్కటే కాదు. జనంలో ఎవడికో "అదెలా కుదురుతుంది?" అని అనుమానం వచ్చే సరికే హాస్యం చెప్పే వంత ఆ మాట అడిగేస్తాడు. రెండో వంత దాన్ని తీసుకెళ్ళి ఊళ్ళో రాజకీయానికి ముడిపెడతాడు. మన అనుమానం వేదిక మీదే వినపడ్డాక కథకుడు మనవాడైపోతాడు. ఇప్పటి పాడ్‌కాస్టుల్లో ఇద్దరు కూర్చుని ఒకరు చెప్పడం, ఒకరు 'ఆగాగు' అనడం చూసినప్పుడల్లా నాకు వంతలే గుర్తొస్తారు. వెబ్ సిరీస్ వాళ్ళు ఎపిసోడ్ చివర ముడి వేసి వదలడం గురించి నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. శవంలోని బేతాళుడు అడిగిన ప్రశ్నకి విక్రమార్కుడు నోరు విప్పితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది, ఇంకో కథ మొదలవుతుంది. ఆ ఏర్పాటు చాలా పాతది.

చదవడం, వినడం, చూడడమే కాదు, నడకలో కూడా కథ ఉంటుంది. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ అందరూ చూసే ఉంటారు. 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో పదవీ విరమణ చేసింది, మరుసటి ఏడాది మ్యూజియం అయింది. సుమారు 91 మీటర్ల పొడవు. దాన్ని విప్పి విడిభాగాలన్నీ ఒక పెద్ద హాల్లో పరిచి ఉంటే పది నిమిషాల్లో చూసి బయటికొచ్చేసేవాళ్ళం. ఇప్పుడు అలా కుదరదు. తల వంచి, కాలెత్తి, గుండ్రటి ద్వారంలోంచి దూరితే గానీ పక్క గదిలో ఏముందో తెలీదు. నాలుగో గదికొచ్చేసరికి నెలల తరబడి ఇందులో ఎలా పడుకున్నారా అని మనమే అడుగుతాం. గైడు చెప్పకముందే.

నా సొంత గొడవ ఒకటి చెప్పి ముగిస్తాను. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను. మీలో చాలామంది ఊళ్ళోనే ఉండి ఉంటారు. పొద్దుట్నుంచీ ఆ గాలి, ఆ హోరు. ఉన్నట్టుండి మొత్తం ఆగిపోయింది. అమ్మయ్య అని జనం బాల్కనీల్లోకి వచ్చారు. మా కింది వాటా ఆయన స్కూటర్ ఎలా ఉందోనని తాళంచెవి పట్టుకుని వీధిలోకి దిగాడు. తుపాను కన్ను, అంటే గాలి లేని దాని నడిమి భాగం, మా మీదుగా పోతోందని మాకేం తెలుసు? కాసేపటికి గాలి రెండో వైపు నుంచి కొట్టింది. అప్పటిదాకా క్షేమంగా ఉన్న కిటికీలు అప్పుడు పోయాయి. ఆయన మాత్రం మెట్ల కింద దూరి బతికిపోయాడు.

దాని మీద కథ రాశాను. నాలుగు పేజీలు ఒట్టి గాలి. ఒక సంపాదకుడికి పంపిస్తే, "గాలి బాగుంది, కథ ఏదీ?" అని తిప్పి పంపారు. రెండు రోజులు కోపంగా తిరిగాను. తరవాత ఆయన మాట నిజమేనని ఒప్పుకున్నాను. హోరులో చదివేవాడు ఊహించడానికేం లేదు. గాలి వీస్తోంది, ఇంకా వీస్తుంది, అంతేగా. నిశ్శబ్దంలో ఉంది ఊహించుకోవడం. అందుకని ఈసారి తాళంచెవితో మెట్లు దిగుతున్న మనిషితో మొదలుపెట్టాను.

రాసి ఇద్దరికి ఇచ్చాను. విశాఖ స్నేహితురాలు మొదటి పేరాకే టెన్షన్ పడి, "అయ్యో, దిగొద్దని చెప్పండి" అంది. హైదరాబాద్‌లో ఉన్న బావమరిది మాత్రం, "స్కూటర్ గురించి ఇంత ఎందుకు బావా?" అన్నాడు. అవే వాక్యాలు. ఆవిడకి రాబోయేది తెలుసు, అతనికి తెలీదు. ఆవిడకి భయం మొదటి మెట్టు నుంచే ఉంది, అతనికి రెండో గాలి వచ్చినప్పుడు ఉలికిపాటు ఒక్కటే దక్కింది. చాలా ఆలోచించి ఒక్క వాక్యం కలిపాను. చెట్లన్నీ ఒకే వైపుకి వాలి ఉన్నాయి, ఇంకా ఒక వైపే అని. 'ఇంకా' అన్న ఆ ఒక్క మాట దగ్గర బావమరిది ఆగాడట.

ఇంతకీ ఆ జాలారిపేట కుర్రాడు ఏడు చేపల కథ చివరిదాకా విన్నాడు. చీమ మాట కూడా విని కాసేపు ఆలోచించాడు.

"చీమకి బంగారం పుట్టెక్కడిది తాతా?" అన్నాడు.

వచ్చే ఆదివారం చెబుతానన్నాను. ఇవాళ గురువారం. మీలో ఎవరికైనా ఏదైనా తోస్తే టీ తాగేటప్పుడు నా చెవిన వేయండి.