పేరు మోసిన వీరుడికి ఎదురయ్యేవి

మిత్రులారా,

ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మారి కల్పిత లోకంలో సాహసాలు చేసే ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో ఎన్ని నాణేలు దొరికాయో, ఏ మంత్రఖడ్గం చిక్కిందో ఆటగాళ్లు శ్రద్ధగా రాసుకుంటారు. తమ పాత్ర గురించి జనం ఏమని చెప్పుకుంటున్నారో రాసుకునేవారు తక్కువ. నేను మాట్లాడదలచుకున్నది ఆ రాయని పద్దు గురించే.

1985లో గ్రెగ్ స్టాఫర్డ్ రూపొందించిన 'పెండ్రాగన్' కీర్తినే ఆటకు ప్రాణం చేసింది. అందులో బ్రిటన్ గాథల్లోని ఆర్థర్ రాజు కాలపు నైట్లుగా, అంటే గుర్రపు వీరులుగా, ఆడతాం. ఘనకార్యాలతో 'గ్లోరీ', అంటే కీర్తిని కొలిచే అంకె, పెరుగుతుంది. ప్రతి 1,000 గ్లోరీకి పాత్రకు ఒక అదనపు పాయింటు. తండ్రి గ్లోరీలో పదో వంతు వారసుడికి దక్కుతుంది. వీరుడు నేలకొరిగినా అతని పేరు మరో తరంలో ఆడుతూనే ఉంటుంది. నాకు ఇంతకన్నా అందమైన నియమం తెలియదు.

1998 నాటి కంప్యూటర్ ఆట 'బాల్డర్స్ గేట్' మరో దారి పట్టింది. మంచిపేరు ఉంటే దుకాణాల్లో ధరలు తగ్గుతాయి. పేరు బాగా చెడితే కాపలా సైనికులే కత్తులు దూస్తారు. పేరు మరీ మంచిదైపోతే జట్టులోని దుష్టపాత్రలు సణిగి సణిగి చివరికి విడిచిపోతాయి! అయితే జట్టు మొత్తానికీ, లోకమంతటికీ ఒకే అంకె. 2014లో, బల్ల చుట్టూ కూర్చుని ఆడే 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' తన గేమ్ మాస్టర్లకు, అంటే కథ నడిపించేవారికి, ఇచ్చిన ఐచ్ఛిక నియమం ఏ వర్గం దగ్గర సంపాదించిన పేరును ఆ వర్గం కిందే లెక్కిస్తుంది. అది మేలైన పద్ధతి.

అయినా పేరు ఎంత ఉందో చెప్పే అంకె, ఏ కథ వల్ల వచ్చిందో చెప్పదు. మీ జట్టు ఒక డ్రాగన్‌ను చంపిందనుకుందాం. పొలాలు కాలిపోయిన పల్లె మిమ్మల్ని నెత్తిన పెట్టుకుంటుంది. ఆ డ్రాగన్ భయం వల్లే శత్రుసేన కనుమ దాటలేదని నమ్మే పట్టణం మిమ్మల్ని శపిస్తుంది. రాజుగారి అధికారి నిధిలో వాటా అడుగుతాడు. ఎవరో మీ పేరు చెప్పుకుని సత్రాల్లో అప్పులు చేస్తారు. మీ జట్టులోని మంత్రగత్తె అగ్నిమంత్రాల్లో దిట్ట అని పాటలు పుట్టాక, తర్వాతి శత్రువు నిప్పుకు చెదరని రక్షణతో వస్తాడు. జట్టులోని దొంగ ముఖం అందరికీ తెలిశాక మారువేషం లేనిదే కోటలో అడుగు పెట్టలేదు.

గేమ్ మాస్టర్లకు ఒక హెచ్చరిక. ప్రతిసారీ కీర్తిని శిక్షగా మార్చకండి. అలా చేస్తే ఆటగాళ్లు ముసుగులు వేసుకుని తిరగడం మొదలుపెడతారు, సాహసం చేయడం మానేస్తారు. పేరు వినగానే తలుపు తెరుచుకునే సందర్భాలూ ఉండాలి.

మరో మాట. పాటలు ఎప్పుడూ కత్తి పట్టినవాడినే పొగుడుతాయి, గాయాలు మాన్పినవారిని మరచిపోతాయి. ఆ లోటు బల్ల దగ్గర కూర్చున్న ఆటగాడికి నిజంగానే తగులుతుంది. అందుకే ఒక్కో సాహసం ముగిశాక ఒక్కో ఆటగాడిని అడగండి: ఈ కథ ఏ ఊళ్లో, ఎవరి నోట, ఎలా వినబడుతోంది? వాళ్లు చెప్పిన వాక్యాన్ని ఆ ఊరి పేరు పక్కన రాసుకోండి. జట్టు అక్కడికి వెళ్లిన రోజున ఆ వాక్యంతోనే ఆట మొదలుపెట్టండి.